సొమ్ము తిరిగి వచ్చిన మాత్రమున మాట చెల్లినదా?

సోదరీమణులారా! చిత్తూరు బజారువీధిలో ఒక అంగడికి పోయి, బేరము కుదుర్చుకొని, సొమ్ము లెక్కపెట్టి యిచ్చి, సరకు మూటగట్టుమని చెప్పిన పిమ్మట, అంగడివాడు "ఈ సరకు మీకియ్యను, మీ డబ్బు మీరు తీసికొని పొండు" అనినయెడల మనమేమి చేయుదుము? ఊరకుందుమా? ఏల యియ్యవని యడుగుదుము. పక్క యంగడివారిని పిలిచి న్యాయము చెప్పుమందుము. ఆ సరకునే మఱుక్షణమున వేఱొకరికి హెచ్చు ధరకు అమ్ముట కంటబడెనా, ఆ యంగడి గడప మరల తొక్కము. అదే యన్యాయము చేతిలోని ఫోనుద్వారా జరిగినప్పుడు మాత్రము, "పోనీ, డబ్బు తిరిగి వచ్చినది గదా" అని సరిపెట్టుకొనుచున్నాము. ఈ నెల మేము ఈ "పోనీ" యను మాటను గుఱించియే కొంత చెప్పదలచినాము.

ఆన్‌లైను అంగళ్లు మన యిండ్లకు చేసిన యుపకారమును మేము కాదనము. పల్లెలలోని స్త్రీలు బస్సెక్కి పట్టణమునకు పోకయే మందులు, పుస్తకములు, బట్టలు, పాత్రలు తెప్పించుకొనుచున్నారు. దారి ఖర్చు, ఒక దినపు పని మిగులుచున్నవి. పదిచోట్ల ధరలు పోల్చి చూచు వీలు కలిగినది. అయినను దానితోపాటు ఒక క్రొత్త యాచారము వచ్చినది. మూల్యమంతయు ముందే పుచ్చుకొందురు; సరకు తరువాత వచ్చును. మన సంతలలో బయానా యను పద్ధతి కలదు. దానినే పూర్వులు సంచకరువనిరి. పశువును గాని, ధాన్యమును గాని, బంగారపు పనిని గాని కుదుర్చుకొన్నప్పుడు కొంత సొమ్ము ముందుగా ఇత్తుము. ఆ కొంచెము చేతబడగనే ఇరువురును మాటకు కట్టుబడుదురు. బయానా పుచ్చుకొని హెచ్చు ధర వచ్చినదని సరకును మఱియొకరికి తోలినవానిని పదిమంది తప్పుపట్టుదురు. కొంత సొమ్మునకే అంత కట్టుబాటుండగా, మూల్యమంతయు ముందే తీసికొన్నవానికి అంతకంటె తక్కువ కట్టుబాటుండుట ఎట్లు న్యాయమగును?

మా వీధిలో కుట్టుపని చేసి జీవించు సోదరి యొకామె కలదు. పండుగ తగ్గింపుల దినములలో ఒక ఆన్‌లైను అంగడిలో విద్యుత్తుతో నడచు కుట్టుమిషను 9,600 రూపాయలకు చూచి, చీటీ పాడగా వచ్చిన సొమ్మునుండి పూర్తి మూల్యము చెల్లించినది. ఆర్డరు ఖాయమైనదనియు, శుక్రవారమునకు సరకు చేరుననియు ఫోనుకు సందేశము వచ్చినది. ఆ మాట నమ్మి ఆమె తన పాత త్రొక్కుడు మిషనును అమ్మివేసినది. శుక్రవారము గడచినది. ఆదివారమునాడు, అనివార్య కారణములచే ఆర్డరు రద్దయినదనియు, సొమ్ము 7 పనిదినములలో తిరిగి వచ్చుననియు రెండు పంక్తులు వచ్చినవి. ఆ మిషనే, ఆ యంగడిలోనే, 11,250 రూపాయలకు అమ్మకమునకు పెట్టియున్నది. తగ్గింపుల దినములు ముగిసినవి. ఇంట మిషను లేదు, చేత సొమ్ము లేదు, పెండ్లివారికి రవికెలు కుట్టి యియ్యవలసిన గడువు దగ్గరపడినది. ఇంటిలోని పెద్దలు "ఫోనులో కొనుగోళ్లు ఆడవారికేల" యని యాడిపోసికొనిరి. ఆమెయు తనదే తప్పని తల వంచుకొన్నది.

తప్పు ఆమెది కాదు. మేము ఆమెతో చెప్పినదే మీతోను చెప్పుచున్నాము. డబ్బు తిరిగి యిచ్చుట అంగడివాడు చేసిన యుపకారము కాదు. అది యెట్లును మన సొమ్మే. సరకు ఇత్తునని చెప్పి మూల్యము పుచ్చుకొన్న మాట ఒకటి వేఱుగా నున్నది. ఆ మాట తప్పుటవలన కలిగిన నష్టము డబ్బు తిరిగి వచ్చినంతనే తీఱిపోదు. ఈ భేదమును చట్టమును గుర్తించినది.

1872లో వచ్చిన ఒడంబడికల చట్టము ప్రకారము ఒకరు ప్రతిపాదింపగా రెండవవారు సమ్మతించినచో ఒడంబడిక యేర్పడును. దానిని భంగపఱచినవారు రెండవవారి నష్టమును పూరింపవలెను. ఇచ్చట ఆన్‌లైను సంస్థలు ఒక వాదము చేయుచుండును. తాము సరకును చూపుట కేవలము ఆహ్వానమట. మనము ఆర్డరు చేయుట ప్రతిపాదనయట. "ఖాయమైన"దను సందేశము రసీదు వంటిదేయట. సరకు బండి యెక్కినప్పుడు గాని తాము సమ్మతించినట్లు కాదట. ఇట్టి షరతులను సన్నని యక్షరములతో వ్రాసియుంచిన సంస్థలు కలవు. వామనునకు దానమిచ్చెదనన్న బలిచక్రవర్తికి, ఆ మాటను దాటుటకు శుక్రాచార్యుడు ధర్మసూక్ష్మములు చూపినాడు గదా! బలి వానిని గైకొనలేదు. నేటి సంస్థలకు శుక్రాచార్యులు పెక్కుమంది దొరకుచున్నారు, బలులే కరవైరి. అందుచేతనే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము అన్యాయపు ఒడంబడిక యననేమో నిర్వచించి, తగిన కారణము లేకయే ఒక పక్షమువారు తమంతట తాము రద్దు చేసికొనుటకు వీలిచ్చు షరతును అందులో చేర్చినది. అట్టి షరతునే చెల్లదనిపింపవలెనన్న రాష్ట్ర కమిషనునకు పోవలయును. సేవలో లోపము జరిగినదనియు, వ్యాపారపు నడవడి అక్రమమనియు చెప్పుకొనుటకు జిల్లా కమిషనే చాలును.

ఆ చట్టములో ముఖ్యభాగములు 2020 జూలై 20న అమలులోనికి వచ్చినవి. ఆన్‌లైనులో కొనువారును వినియోగదారులేయని అందు స్పష్టముగా నున్నది. స్త్రీలు గమనింపవలసిన విషయములు మఱి రెండు కలవు. మొదటిది: మూల్యము చెల్లించినవారే గాక, వారి సమ్మతితో ఆ వస్తువును వాడుకొనువారును వినియోగదారులే. భర్త ఖాతానుండి గాని, కుమారుని ఫోనునుండి గాని సొమ్ము పోయినంతమాత్రమున, వస్తువు ఎవరికొఱకు కొన్నారో ఆ గృహిణికి అడుగు నధికారము లేకపోదు. రెండవది: తిరిగి యమ్ముటకు గాని, పెద్ద వ్యాపారమునకు గాని కొన్నవారు ఈ చట్టము క్రిందికి రారు, అయినను స్వయముగా పనిచేసికొని జీవనము గడుపుకొనుటకే వాడు వస్తువునకు ఆ యడ్డు లేదు. కుట్టుమిషను కొన్న మా సోదరి యిట్టిదే. పిండిమర, ఊరగాయ జాడీలు కొని యింటనే పని చేసికొనువారును ఈ మాట జ్ఞప్తియందుంచుకొనవలెను.

2020 జూలై 23న ప్రకటింపబడిన ఈ-కామర్సు నియమములు మఱికొంత దారి చూపుచున్నవి. ప్రతి సంస్థయు ఫిర్యాదుల యధికారి నొకని నియమించి, ఆతని పేరును చిరునామాను అందఱికి తెలియునట్లు ప్రకటింపవలెను. ఫిర్యాదు చేరినదని 48 గంటలలో తెలుపవలెను. ఒక నెలలో పరిష్కరింపవలెను. ఒక చక్కని న్యాయమును ఈ నియమములందు కలదు. మనము ఖాయమైన ఆర్డరును రద్దు చేసికొన్నప్పుడు సంస్థ మనవద్ద రద్దు రుసుము పుచ్చుకొనవలెనన్న, తానే యేకపక్షముగా రద్దు చేసినప్పుడు అట్టి రుసుమును తానును భరింపవలెను. అత్తకొక న్యాయము, కోడలికొక న్యాయము పనికిరాదన్నమాట. "మేము నడుమ నుండువారమే, రద్దు చేసినవాడు అమ్మకందారుడు" అని సంస్థ తప్పించుకొనజూచినచో, ఆ యమ్మకందారుని చిరునామాను, ఈ-మెయిలును తెలుపుమని వ్రాతపూర్వకముగా కోరు హక్కును మనకు కలదు.

ఇవి కాగితముపై నుండు మాటలు మాత్రమేయని తలపవలదు. 2022 జూలైలో ముంబయిలో ఒకరు ఫ్లిప్‌కార్ట్‌లో 39,628 రూపాయలు చెల్లించి ఐఫోను తెప్పించుకొనబోగా, కొన్ని దినములకు ఆ యార్డరు రద్దయినది. సొమ్ము తిరిగి యిచ్చిరి. అయినను సెంట్రల్ ముంబయి జిల్లా కమిషను అంతటితో సరిపోయినదనలేదు. హెచ్చు లాభమునకే రద్దు చేసినట్లు భావించి, వినియోగదారునికి 10,000 రూపాయలు చెల్లింపుమని తీర్పు చెప్పినది. ఈ తీర్పు 2024లో వెలువడినది. మన పొరుగున నున్న ఒడిశాలో 2014 డిసెంబరులో ఒక విద్యార్థి, అమెజాన్‌లో 23,499 రూపాయల ల్యాప్‌టాప్ 190 రూపాయలకే కనబడగా ఆర్డరు చేసినాడు. సంస్థ మొదట ఖాయపఱచి, కొంతసేపటికి ధర విషయమున చిక్కు వచ్చినదని రద్దు చేసినది. 2021లో అచ్చటి రాష్ట్ర కమిషను 40,000 రూపాయలు పరిహారముగను, 5,000 రూపాయలు ఖర్చులకును ఇప్పించినది. కంటికి కనబడు పొరపాటు ధర విషయమున అన్ని కమిషన్లును ఇట్లే చెప్పునని మేమనజాలము. ఖాయపఱచి తప్పిన మాటకు విలువ కట్టవచ్చునని మాత్రము ఈ రెండు తీర్పులును చెప్పుచున్నవి.

తిరిగి వచ్చు సొమ్ము ఏ రూపమున వచ్చుచున్నదో కూడ చూచుకొనుడు. కొన్ని సంస్థలు మన ఖాతాలోనికి వేయక, తమ యంగడిలోనే మరల ఖర్చుపెట్టవలసిన కూపనుగా ఇచ్చును. 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఓలా యను బాడుగ బండ్ల సంస్థను, సొమ్ము ఖాతాలోనికి కావలెనో కూపనుగా కావలెనో వినియోగదారులే కోరుకొనునట్లు ఏర్పాటు చేయుమని యాదేశించినది. రూపాయలిచ్చినవారికి రూపాయలే రావలెను. ఖాతాలోనికి కావలెనని స్పష్టముగా వ్రాయుడు.

ఆర్డరు రద్దగుట వేఱు, చెల్లింపే విఫలమగుట వేఱు. మన ఖాతానుండి సొమ్ము పోయి, అంగడికి చేరినట్లు ధ్రువము రాక ఆర్డరే కాకపోవుట కలదు. దీనికి రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న నియమము చేసినది. యూపీఐ ద్వారా వర్తకునికి చేసిన యిట్టి చెల్లింపు, ఆ దినము గాక 5 దినములలో తనంతట తాను తిరిగి రావలెను. మించినచో దినమునకు 100 రూపాయల వంతున పరిహారము రావలెను. దీనికి అంగడిని గాక మొదట బ్యాంకును అడుగవలయును.

ఇక అడుగు విధానము. రద్దు సందేశము వచ్చినంతనే కోపముతో దానిని తుడిచివేయకుడు. ఆర్డరు ఖాయమైనదను సందేశము, చెల్లింపు రసీదు, చేరవలసిన దినము, రద్దు సందేశము, అదే వస్తువు ఇప్పుడు హెచ్చు ధరకు కనబడుచున్నచో ఆ పుట, వీనినన్నిటిని స్క్రీన్‌షాట్ తీసి భద్రపఱపుడు. ఆ పుట మఱునాటికి మాఱిపోవచ్చును గనుక ఈ పని ఆ గంటలోనే చేయవలెను. పిమ్మట సంస్థ ఫిర్యాదుల యధికారికి ఈ-మెయిలు వ్రాయుడు. తిట్టులు వలదు, దీర్ఘకథ వలదు. ఆర్డరు సంఖ్య, చెల్లించిన మొత్తము, దినములు, రద్దుకు చెప్పిన కారణము, మనకు కలిగిన నష్టము, మనము కోరునది, ఇంతమాత్రమే చాలును. కోరునది స్పష్టముగా నుండవలెను: పాత ధరకే సరకు పంపుటయా, లేక సొమ్ముతోపాటు ధరలోని తేడా యిచ్చుటయా. ఫిర్యాదు సంఖ్యను వ్రాసి యుంచుకొనుడు.

అక్కడ పలుకకున్నచో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 సంఖ్యకు ఫోను చేయుడు. తెలుగులోనే మాటలాడవచ్చును. ఇది న్యాయస్థానము కాదు. సంస్థతో మాటలాడి సమాధానపఱచు చోటు. దానివలనను కాకున్న జిల్లా వినియోగదారుల కమిషను కలదు. మనవారికి చిత్తూరునందును తిరుపతియందును కమిషన్లున్నవి. సంస్థ బెంగుళూరుననున్నను, ఢిల్లీలోనున్నను, మనము నివసించు చోటనే ఫిర్యాదు చేయవచ్చునని 2019 నాటి చట్టము చెప్పుచున్నది. చెల్లించిన మూల్యము 5 లక్షల రూపాయలకు మించనిచో రుసుము లేదు. వకీలు లేకయే మనమే చెప్పుకొనవచ్చును. 2025 జనవరి 1న ప్రారంభమైన ఈ-జాగృతి ద్వారా ఇంటినుండియే ఫిర్యాదు దాఖలు చేయవచ్చును. గడువు మాత్రము వివాదకారణము పుట్టిననాటినుండి 2 సంవత్సరములు.

మా వీధి సోదరి ఈ క్రమముననే నడచినది. ఫిర్యాదుల యధికారి మొదట క్షమాపణతో సరిపుచ్చినాడు. 1915 ద్వారా ఫిర్యాదు చేసిన పిమ్మట సంస్థ 1,650 రూపాయల తేడాను కూపనుగా ఇత్తుననినది. ఆమె వలదని, ఖాతాలోనికే కోరినది. మూడు వారములకు సొమ్ము వచ్చినది. అందఱికిని ఇట్లే జరుగునని మేము ఆశపెట్టము. ముంబయి తీర్పునకు ఏడాదికి పైగా, ఒడిశా తీర్పునకు ఆఱేండ్లు పట్టినవి. కమిషను మూడు నెలలలో తేల్చుటకు ప్రయత్నింపవలెనని చట్టమున నున్నను, ఆలస్యములు కలవు. కావున నష్టమును తూచి చూచుకొనుడు. నూఱు రూపాయల గరిటెకు కమిషను దాక పోనక్కఱలేదు. నిజముగా సరకు చెడిపోయియో, మన యూరికి పంపు వసతి లేకయో రద్దు చేసి, వెంటనే తెలిపి, వెంటనే సొమ్మిచ్చినవానిని వేధించుటయు న్యాయము కాదు. న్యాయమడుగువారు న్యాయముగా అడుగవలయును.

ఒక ప్రమాదమును గుఱించి హెచ్చరింపక తప్పదు. ఆర్డరు రద్దయి, సొమ్మునకై యెదురుచూచు సమయమే మోసగాండ్రకు అదను. సంస్థ ఫోను సంఖ్యకై గూగులులో వెదకినచో దొంగ సంఖ్యలు కనబడును. వారు మృదువుగా మాటలాడి, ఒక యాప్ వేసికొనుడనియు, సొమ్ము జమ యగుటకు యూపీఐ పిన్ను నొక్కుడనియు చెప్పుదురు. ఇది గట్టిగా జ్ఞప్తియందుంచుకొనుడు: సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ను అక్కఱలేదు, పిన్ను నొక్కినచో మన సొమ్మే పోవును. ఓటీపీని ఎవరికిని చెప్పరాదు. సంఖ్యను ఆ సంస్థ యాప్‌లోనే చూచుకొనవలెను. మోసపోయినచో సిగ్గుపడి దాచక, ఆ నిమిషముననే 1930 సంఖ్యకు తెలుపవలెను. ఆలస్యమైనకొలది సొమ్ము చేతులు మాఱును.

మన జిల్లాలో మాట తప్పినవానిని కాణిపాకమునకు వచ్చి ప్రమాణము చేయుమనుట వాడుక. స్వామి యెదుట బొంకుటకు ఎంతటివాడును వెఱచును. ఆన్‌లైను సంస్థను మనము కాణిపాకము తీసికొని పోలేము. దానికి ముఖము లేదు. అయినను అది మనకు పంపిన సందేశములున్నవి, పుచ్చుకొన్న రూపాయలకు లెక్క యున్నది. అవియే దాని ప్రమాణము. గృహిణులారా, పాలలెక్క, చాకలిపద్దు వ్రాసికొను పుస్తకముననే ఒక పుట దీనికి కేటాయింపుడు. ఏ దినమున ఏ వస్తువునకు ఎంత చెల్లించితిమో, ఎన్నటికి వచ్చునని చెప్పిరో వ్రాయుడు. మీ కుమార్తెలకును కోడండ్రకును అట్లే నేర్పుడు. రేపు ఆ మాట తప్పినవారికి మీరు వ్రాయు ఈ-మెయిలులో మొదటి పంక్తి ఆ పుటనుండియే వచ్చును.